విత్తనం కనిపెట్టే మనిషి పోస్టు ఖాళీగా ఉంది

(మన సంఘం అధ్యయన తరగతుల్లో విశ్రాంత వరి శాస్త్రవేత్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



"వ్యవసాయ పరిశోధనలో ప్రభుత్వ పెట్టుబడి, సిబ్బంది" అనే అంశం మీద మాట్లాడమని సంఘం వాళ్లు నాకు చెప్పారు. పైగా భోజనాలయ్యాక పెట్టారు. ఈ పేరు వింటేనే ఎవరికైనా కునుకొస్తుంది. అందుకని అంకెలు తర్వాత చెబుతాను. ముందు మీరు నాకో మాట చెప్పండి. స్వర్ణ, సాంబ మసూరి, 1010, 1121... ఈ రకాల్లో ఏదో ఒకటి ఎప్పుడైనా ఊడ్చినవాళ్లు చేతులెత్తండి.

చూశారా, వెనక వరసలో మిర్చి రైతులు తప్ప దాదాపు అందరూ ఎత్తారు. ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ రకం తయారుచేసినందుకు మీరు ఎవరికైనా రాయల్టీ కట్టారా? కట్టలేదు. సొంత గాదెలోంచి తీసుకున్నారు, లేకపోతే పక్క ఊరి రైతు దగ్గర బస్తాకు బస్తా మార్చుకున్నారు, లేకపోతే సొసైటీలో కొన్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. అదే వెనక కూర్చున్న మిర్చి రైతుల్ని అడగండి, హైబ్రిడ్ విత్తనం పది గ్రాముల ప్యాకెట్టు ఎంత పెట్టి కొన్నారో, వచ్చే ఏడాది మళ్లీ కొనాలో అక్కర్లేదో.

ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా పేరే ప్రభుత్వ పరిశోధన. నేను ముప్ఫై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగం అది. దాని గురించే రెండు మాటలు.

స్వర్ణ అంటే ఎంటీయూ 7029. పశ్చిమ గోదావరి మారుటేరులో పుట్టి 1982లో విడుదలైంది. సాంబ మసూరి అంటే బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. స్వర్ణ మన జిల్లాలు దాటి ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బెంగాల్, బిహార్, అటునుంచి బంగ్లాదేశ్ దాకా పోయింది. అక్కడి రైతుకు మారుటేరు ఎక్కడుందో తెలియదు, స్వర్ణ అంటే మాత్రం తెలుసు. మారుటేరు కేంద్రం మొదలైంది 1925లో. అంటే స్వర్ణ రావడానికి ముందే ఆ కేంద్రానికి యాభై ఏడేళ్ల అనుభవం ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఈ రెండు రకాల వంశంలోనూ ఒక రకం ఉమ్మడి. దాని పేరు మసూరి. మీ తాతల కాలంలో మసూరి పండించే ఉంటారు. అది మన దేశపు రకం కాదు. 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కటక్‌లోని మన కేంద్ర వరి పరిశోధన సంస్థ ఆధారంగా ఒక కార్యక్రమం నడిపింది. జపాన్ తరహా వరిని మన తరహా వరితో సంకరం చేసి, ఆ విత్తనాలను ఆసియా దేశాలకు పంచారు. అందులోంచి మలేసియా వాళ్లు ఏరుకుని 1965లో విడుదల చేసిన రకం మసూరి. అది తిరిగి మన దేశం వచ్చింది. మారుటేరులో దాన్ని వశిష్ఠతో కలిపారు, స్వర్ణ వచ్చింది. బాపట్లలో కోయంబత్తూరు పాత రకం జీఈబీ 24నీ, తైవాన్ పొట్టి వరి టీఎన్ 1నీ మసూరితో కలిపారు, సాంబ మసూరి వచ్చింది. మన పళ్లెంలో అన్నం వెనక ఇన్ని దేశాల సర్కారు ఉద్యోగులున్నారు. వాళ్లలో ఎవరూ ఎవరినీ పేటెంటు అడగలేదు.

ఇప్పుడు పని ఎలా జరుగుతుందో చెబుతాను. ఇది తెలిస్తే ఖాళీ పోస్టు అంటే ఏమిటో అర్థమవుతుంది.

వరి పువ్వు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. దాన్ని మరో రకంతో కలపాలంటే దొంగతనం చేయాలి. సాయంత్రం పూట తల్లి మొక్క కంకి తీసుకుని, ఒక్కో గింజ తొడుగు పై భాగం చిన్న కత్తెరతో కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలనూ పట్టకారుతో లాగేయాలి. ఒక్కటి మిగిలినా పని చెడినట్టే. కంకికి కాగితం సంచి తొడగాలి. మర్నాడు పొద్దెక్కి ఎండ తగిలాక తండ్రి మొక్క పువ్వు విచ్చుకుంటుంది. ఆ కంకి తెచ్చి సంచిలో దులపాలి. గాలి వీచినా, మబ్బు పట్టినా ఆ రోజు పోయినట్టే. ఇంత చేస్తే పాతికో యాభయ్యో గింజలొస్తాయి.

అది మొదటి పంట. రెండో తరంలో వేల మొక్కలు వేస్తాం. ఒక్కదానితో ఒక్కటి పోలదు. అందులో ఏది ఉంచాలి, ఏది పీకాలి అన్నది పుస్తకంలో ఉండదు. కన్నుకు తెలియాలి. మా కేంద్రంలో కూలికి వచ్చే ఒక అక్క ఉండేది. చదువు లేదు. మడిలో నడుస్తూ "అయ్యా, ఈ దుబ్బు పడిపోద్ది, వద్దు" అనేది. నేను వినకుండా ఉంచిన దుబ్బు కోతల ముందు గాలికి పడుకునేది. కేళీలు ఏరడంలో ఆమె కంటికి సాటి లేదు. అలా ఆరేడు తరాలు ఏరితే రకం నిలకడకు వస్తుంది. ఆ తర్వాత కేంద్రంలో పరీక్షలు, రాష్ట్రంలో అన్నిచోట్లా పరీక్షలు, దేశవ్యాప్త పరీక్షలు, మీ పొలాల్లో మినీకిట్లు, ఆపైన కమిటీ, గెజిట్. సంకరం చేసిన రోజు నుంచి సంచి మీ చేతికి వచ్చేసరికి పది పన్నెండేళ్లు. అంతా సాఫీగా సాగితేనే.

పన్నెండేళ్ల పని. మనిషి సర్వీసు ముప్ఫై ఏళ్లు. అందులో మొదటి అయిదారేళ్లు నేర్చుకోవడానికే పోతాయి. అందుకని మా పెద్దవాళ్ల కాలంలో ఒక పద్ధతి ఉండేది. పెద్దాయన దిగిపోవడానికి అయిదేళ్ల ముందే కుర్రవాడు వచ్చి ఆయన వెనక మడిలో తిరిగేవాడు. నేనూ అలాగే తిరిగాను. నా గురువుగారు తిట్టిన తిట్లు నాకిప్పటికీ గుర్తే. వాటితోపాటు ఏ వంశంలో అగ్గి తెగులు దాగి ఉంటుందో, ఏది దోమకు తట్టుకుంటుందో కూడా గుర్తే.

నేను దిగిపోయేటప్పుడు నా వెనక ఎవరూ తిరగలేదు.

కేంద్రం పేరు చెప్పను, పేరుతో పనిలేదు. నా పోస్టు "భర్తీ ప్రక్రియలో" ఉందన్నారు. నాలుగో తరంలో, అయిదో తరంలో ఉన్న సంకరాలు కాగితపు సంచుల్లో పెట్టి, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో రాసి, నోటు పుస్తకంతో సహా బీరువాలో సర్దాను. తాళం ఇంకో విభాగం ఆయనకిచ్చాను. ఆయనది భూసారం. పాపం ఆయనకు అప్పటికే మూడు బాధ్యతలు. రెండేళ్ల తర్వాత ఏదో పనిమీద వెళ్లి చూశాను. వరి గింజ మామూలు గదిలో మన తీర ప్రాంతపు తేమకు రెండేళ్లు ఆగదు, మీకు తెలిసిందే. కొన్ని ముక్కిపోయాయి, కొన్ని పురుగు పట్టాయి. ఆ రెండేళ్లూ ఒక్కసారి మడిలో వేసి విత్తనం తీసుకునే మనిషి ఉండుంటే బతికేవి. వాటిలో గొప్ప రకం ఉండేదని నేననను. ఉండేదో లేదో ఇక ఎవరికీ తెలియదు.

రోడ్డు వేయకపోతే గుంట కనిపిస్తుంది. కాలువ తవ్వకపోతే చేను ఎండుతుంది. పరిశోధన పోస్టు ఖాళీగా ఉంటే ఆ ఏడాది ఎవరికీ ఏమీ తెలియదు. పన్నెండేళ్ల తర్వాత ఒక రకం రావాల్సింది రాదు. రానిదాని కోసం ధర్నా చేసేదెవరు? అందుకే ఏ ప్రభుత్వమైనా ముందు కోత పెట్టేది ఇక్కడే. పార్టీ ఏదైనా ఒకటే తీరు.

ఖాళీల్ని పూర్తిగా వదిలేయరులెండి. కాంట్రాక్టు మీద పిల్లల్ని తీసుకుంటారు. ప్రాజెక్టు మూడేళ్లుంటుంది, వాళ్లూ అంతే కాలం ఉంటారు. తెలివైన పిల్లలు. ఏడాది తిరిగేసరికి బ్యాంకు పరీక్షో, విత్తన కంపెనీ ఉద్యోగమో చూసుకుంటారు. తప్పేముంది, ఇంటిదగ్గర అమ్మానాన్నలున్నారు. మీ పిల్లలే వాళ్లు. కానీ పన్నెండేళ్ల పంటను మూడేళ్ల కౌలుకిస్తే ఎట్లా పండుతుంది?

కృషి విజ్ఞాన కేంద్రాలు చూడండి. దేశంలో 700కు పైగా ఉన్నాయి. ఒక్కో కేంద్రానికి మంజూరైన పోస్టులు 16. అందులో విషయ నిపుణులు ఆరుగురు. ఒకరు పంటలకు, ఒకరు పురుగులు తెగుళ్లకు, ఇలా ఏ కేంద్రానికి కావలసినవారు ఆ కేంద్రానికి. మీ జిల్లా కేంద్రానికి వెళ్లినప్పుడు ఒకసారి తలలు లెక్కపెట్టండి. ఆంధ్రలో ఊరూరా వ్యవసాయ సహాయకులున్నారు, తెలంగాణలో అయిదువేల ఎకరాలకొక విస్తరణ అధికారి అన్నారు. మంచిదే, కాదనను. కానీ ఆ కుర్రవాడు మీ చేలో కొత్త పురుగు ఫొటో తీసి ఎవరికి పంపాలి? జవాబు చెప్పాల్సిన కీటక శాస్త్రవేత్త కుర్చీ ఖాళీగా ఉంటే, ఆ ఫొటో తిరిగి తిరిగి మందుల షాపు వాట్సాప్‌కే చేరుతుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. 2021–22లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చింది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు వాళ్లు ఇక్కడున్నారు, వాళ్లకు నేను చెప్పేదేముంది. ఆ పురుగు మన దేశంలో ఉందని 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద చూసి రాశారు. ఆరేళ్లు టైముంది. అది మిర్చి మీదకు దిగితే ఏం చేయాలి, ఏ మందుకు లొంగుతుంది, ఏ రకం తట్టుకుంటుంది అని ముందే ప్రయోగాలు చేసి పెట్టుకోవడానికి ఆ ఆరేళ్లు చాలు, చేసే మనుషులుంటే. చివరికి పూత మీద పడ్డాకే అందరూ పరిగెత్తారు. ఆ సీజన్లో మీరు ఎన్ని మందులు కొట్టారో, అందులో ఎన్ని పనిచేశాయో మీ బిల్లు పుస్తకాలే చెబుతాయి.

మొక్కజొన్నలో కత్తెర పురుగు సంగతీ అంతే. 2016లో పశ్చిమ ఆఫ్రికాలో కనబడింది. రెండేళ్లలో, 2018లో, కర్ణాటక శివమొగ్గలో తేలింది. అక్కడినుంచి మన చేలకు రావడానికి నెలలు చాలాయి.

ఆఫ్రికా మాట వచ్చింది కాబట్టి ఒక కథ చెబుతాను. ఉగాండాలో కొండల మీద కలెంగ్యెరె అని చిన్న పరిశోధన కేంద్రం ఉంది. 1998లో అక్కడ ప్రయోగానికి వేసిన గోధుమ మడుల్లో కాండం మీద కుంకుమ తెగులు కనబడింది. అందులో వింతేముంది అనుకోవచ్చు. వింత ఏమిటంటే, ఆ తెగులు రాకుండా ప్రపంచమంతా నమ్ముకున్న జన్యువు ఉన్న మొక్కల మీదే వచ్చింది. మన పంజాబ్, హర్యానా గోధుమల్లో కూడా చాలావాటికి ఆ జన్యువే కాపలా. అక్కడి శాస్త్రవేత్తలు చూసి, అనుమానించి, నమూనా దక్షిణాఫ్రికాకు పంపారు. అది కొత్త రకం తెగులని తేలింది. యూజీ 99 అని పేరుపెట్టారు. ఆ తర్వాత కెన్యాలో ఎన్జోరో అనే కేంద్రంలో ఏటా మన దేశపు గోధుమలతో సహా ప్రపంచ గోధుమలన్నింటినీ ఆ తెగులుకు ఎదురు నిలబెట్టి పరీక్షించారు. తట్టుకునే రకాలు తెగులు ఇక్కడికి రాకముందే తయారయ్యాయి. ఉగాండా బీద దేశం. ఆ కొండ మీద ఆ రోజు ఆ మడుల్ని చూసే మనిషి లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

ఆఫ్రికా దేశాల్లో చాలావాటి పరిశోధన బయటి దేశాల విరాళాల మీద నడుస్తుంది. ఆ దారి ఎంత గట్టిదో 2025లో చూశాం. అమెరికా ప్రభుత్వం తన సహాయ సంస్థ యూఎస్ ఎయిడ్‌ను మూసేసింది. దాని డబ్బుతో నడిచే పంటల పరిశోధన ప్రాజెక్టులు చాలావరకు మధ్యలో ఆగిపోయాయి. మడుల్లో పైరు అలాగే ఉంది, కోయడానికి కూలి డబ్బు లేదు. సొంత బడ్జెట్టు లేని పరిశోధన గతి అంతే.

మరి బయటి డబ్బు మీద ఆధారపడకుండా సొంతంగా కట్టుకున్నవాళ్లు లేరా? ఉన్నారు. బ్రెజిల్ 1973లో ఎంబ్రాపా అనే ప్రభుత్వ సంస్థ పెట్టింది. వాళ్లు మొదట భవనాలు కట్టలేదు, పిల్లల్ని పెద్ద సంఖ్యలో పై చదువులకు పంపి, తెచ్చి ఉద్యోగాల్లో కూర్చోబెట్టారు. సెరాడో అని వాళ్లకు విశాలమైన మైదానాలున్నాయి, పుల్లటి ఆమ్ల నేలలు, ఎందుకూ పనికిరావనేవారు. సున్నం వేసి నేల సరిచేశారు, చలి దేశపు సోయాను ఎండకు అలవాటు చేశారు, గాలిలోని నత్రజని తీసుకునే బ్యాక్టీరియాను విత్తనానికి పట్టించి యూరియా ఖర్చు తప్పించారు. ఈరోజు సోయా ఎగుమతిలో వాళ్లే ముందు. ఆ భూములు ఎక్కువగా పెద్ద భూస్వాముల చేతుల్లో ఉన్నాయి, అడవీ పోయింది. అది మనం నేర్చుకోకూడని భాగం. పరిశోధన ఎవరి పంట కోసం, ఎవరి కమతం కోసం అన్నది శాస్త్రవేత్తలకు వదిలేస్తే కుదరదు, మీలాంటి సంఘాలు అడగాలి.

ఇక అంకెలు. కొన్నే చెబుతాను.

వ్యవసాయంలో వచ్చే ప్రతి 100 రూపాయల ఆదాయంలో ప్రభుత్వం పరిశోధనకు ఎంత ఖర్చుపెడుతోంది అని ఒక అంతర్జాతీయ లెక్క ఉంది. 2013లో బ్రెజిల్ ఒక రూపాయి 82 పైసలు. చైనా 62 పైసలు. 2014లో మనం 30 పైసలు. కనీసం రూపాయి ఉండాలన్నది ఎప్పటినుంచో చెబుతున్న మాట, మన పార్లమెంటు స్థాయీ సంఘం కూడా చెప్పింది. మనం ఇప్పటికీ ఆ రూపాయికి చాలా దూరంలో ఉన్నాం.

కేంద్రంలో వ్యవసాయ పరిశోధన, విద్యా శాఖకు 2024–25 బడ్జెట్లో పెట్టింది 9,941 కోట్లు. అందులో పెద్ద భాగం జీతాలు, పింఛన్లు. అదే ఏడాది ఎరువుల సబ్సిడీ 1,64,000 కోట్లు. పీఎం కిసాన్ 60,000 కోట్లు. సబ్సిడీ ఎత్తేయమని నేననడం లేదు, ఈ మాట బయటికి వెళ్లి తప్పుగా చెప్పకండి. ఎరువుకు పదహారు రూపాయలు పెట్టే చోట, ఆ ఎరువు తక్కువ అడిగే రకం కోసం ఒక్క రూపాయే పెడుతున్నారు అంటున్నాను.

ఇంకో సంగతి. 2023–24 ఆర్థిక సర్వేలో కేంద్ర ప్రభుత్వమే రాసుకుంది, వ్యవసాయ పరిశోధన మీద, విద్యను కూడా కలుపుకుని, పెట్టే ప్రతి రూపాయికి 13 రూపాయల 85 పైసల ఫలితం వస్తుందని. మీకు ఎవరైనా రూపాయి పెడితే పదమూడు వస్తాయంటే అప్పు చేసైనా పెడతారా లేదా? పెడతారు. ప్రభుత్వం పెట్టదు. ఆ పదమూడు రూపాయలు వచ్చేసరికి రెండు మూడు ఎన్నికలు అయిపోతాయి గనక.

ప్రభుత్వం తప్పుకుంటే ఆ చోటు ఖాళీగా ఉండదు. పత్తిలో ఏమైందో చూడండి. ప్రపంచంలో వాణిజ్యపరంగా వచ్చిన తొలి పత్తి హైబ్రిడ్ హెచ్–4, 1970లో గుజరాత్‌లోని సూరత్ ప్రభుత్వ కేంద్రంలో పుట్టింది. కంపెనీలకు ఆ విద్య నేర్పింది మనమే. మన నంద్యాల నుంచి నరసింహ రకం వచ్చింది, విత్తనం రైతు దాచుకునేవాడు. 2002లో బీటీ వచ్చింది. దాన్ని దాచుకోగల సూటి రకాల్లో ఇవ్వలేదు, ఏటా కొనాల్సిన హైబ్రిడ్లలోనే ఇచ్చారు. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటింది, అందులో సగానికి పైగా సాంకేతిక రుసుమే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది, రైతు సంఘాలు రోడ్డెక్కాయి, ధర 750కి దిగింది. ఆ పోరాటంలో ఉన్నవాళ్లు ఈ హాల్లో కూడా ఉన్నారు. కానీ ధర తగ్గింది గాని దారి మారలేదు. గులాబి రంగు పురుగు రెండో బీటీని కూడా లెక్కచేయకుండా పోయాక, రైతుకు పోవడానికి ఇంకో చోటు లేకుండా పోయింది. ఎందుకంటే ఈలోగా ప్రభుత్వ పత్తి రకాలు దుకాణాల్లోంచే మాయమయ్యాయి.

వరిలో ఇంకా ఆ గతి పట్టలేదు. పట్టలేదంటే కారణం స్వర్ణ, సాంబ, 1010, వాటి వెనక వచ్చినవి. ఇప్పుడు ఒక కొత్త విషయం. 2025 మే 4న ఢిల్లీలో రెండు జన్యు సవరణ వరి రకాలు ప్రకటించారు. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, కమల అని పేరు. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ చేసింది, మూలం మన సాంబ మసూరి. రోజులు తక్కువ, దిగుబడి ఎక్కువ అంటున్నారు. రెండోది పూసా డీఎస్టీ రైస్ 1, మూలం మన మారుటేరు 1010. అంటే దేశంలో అన్నిటికన్నా కొత్త శాస్త్రం వచ్చి నిలబడింది బాపట్ల, మారుటేరు మడుల మీదే. వీటి మీద నాకూ అనుమానాలున్నాయి. ఆ సవరణకు వాడే పనిముట్టు పేటెంట్లు విదేశాల్లో ఉన్నాయి, రేపు రైతు విత్తనం దాచుకోవడానికి అడ్డు వస్తుందా అని ప్రభుత్వం స్పష్టంగా రాసి ఇవ్వాలి. కానీ నేను చెప్పేది వేరు. నలభై ఏళ్ల క్రితం కత్తెర, పట్టకారు పట్టుకుని ఎండలో కూర్చున్న మనిషి లేకపోతే, ఈరోజు సవరించడానికి ఏముంది? ఇప్పుడు అక్కడ ఎవరూ కూర్చోకపోతే 2060లో దేన్ని సవరిస్తారు?

ఇందాక టీ దగ్గర ఒక యువరైతు నన్ను నిలదీశాడు. "సారూ, మీ శాస్త్రవేత్తలు ఏసీ గదుల్లోంచి కదలరు. మా మండలానికి ఎన్నడూ రాలేదు. వాళ్ల పోస్టుల కోసం మేమెందుకు కొట్లాడాలి?" అని. మంచి ప్రశ్న. తప్పించుకోను. మాలో ప్రమోషన్ కోసం పేపర్లు రాసుకుంటూ మడి మొహం చూడనివాళ్లున్నారు. పల్లెటూరి కేంద్రంలో వేస్తే ఆరు నెలల్లో సిఫారసు పట్టుకుని రాజేంద్రనగర్‌కో గుంటూరుకో తిరుపతికో చేరినవాళ్లున్నారు. రైతు అడిగిన సమస్య కాకుండా డబ్బిచ్చే ప్రాజెక్టు సమస్య పట్టుకున్నవాళ్లున్నారు. నేనూ రెండు మూడేళ్లు అలా చేశాను, దాచడమెందుకు. కానీ బాబూ, కాలువ మీద లస్కరు సరిగ్గా పనిచేయడం లేదని కాలువ పూడ్చేయమంటామా? లస్కరును అడుగుతాం. ఉన్నవాడిని నిలదీయొచ్చు. ఖాళీ కుర్చీని ఏమని నిలదీస్తావు?

పోస్టులే కాదు, భూములూ చూసుకోవాలి. పరిశోధన కేంద్రం భూమి అంటే ఊరి మధ్యలో చవగ్గా పడున్న స్థలం లాగా కనబడుతుంది పై వాళ్లకు. 2024 జనవరిలో రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూముల్లో 100 ఎకరాలు కొత్త హైకోర్టుకు కేటాయించారు. విద్యార్థులు ధర్నా చేశారు. కోర్టు కావాలి, ఎవరు కాదన్నారు. కానీ దశాబ్దాల పాటు ఒకే మడిలో ఏ ఎరువు ఎంత వేశారో లెక్క ఉన్న నేలను ఇంకో చోట కొనలేరు.

ఇప్పుడు మనం చేయాల్సింది. సంఘం డిమాండ్ల పత్రం నేను చదివాను. మద్దతు ధర ఉంది, కౌలు రైతుల గుర్తింపు కార్డులున్నాయి, పంటల బీమా, కరెంటు, ఎరువుల కొరత ఉన్నాయి. పరిశోధన కేంద్రాల ఊసు లేదు. నా విన్నపం ఏమిటంటే ఒక్క వాక్యం చేర్చండి: ఈ జిల్లాలో ఉన్న పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం, ఏరువాక కేంద్రాల్లో మంజూరైన శాస్త్రవేత్త పోస్టులన్నీ రెగ్యులర్‌గా నింపాలి, దిగిపోయే మనిషికి ముందే వారసుణ్ని వేయాలి.

కానీ "పోస్టులు ఖాళీగా ఉన్నాయి" అని ఊరికే అంటే కలెక్టరు గారు "చూస్తాం" అంటారు. లెక్క పట్టుకెళ్లాలి. అందుకని సమాచార హక్కు దరఖాస్తులు టైపు చేయించి తెచ్చాను. నాలుగే ప్రశ్నలు. కేంద్రంలో ఏ పంటకు, ఏ విభాగానికి ఎన్ని పోస్టులు మంజూరు, ఎన్ని నిండాయి. ఖాళీ అయినవి ఏ తేదీ నుంచి ఖాళీ. గత మూడేళ్లలో ప్రయోగాలకు జీతాలు కాకుండా ఎంత డబ్బు విడుదలైంది. కూలీలకు ఎన్ని పనిదినాలు ఇచ్చారు. ఈ చివరి ప్రశ్న చిన్నది అనుకోకండి, కూలి డబ్బు లేకపోతే శాస్త్రవేత్త ఉన్నా మడి గడ్డి పడుతుంది.

దరఖాస్తులు అక్కడ, నీళ్ల డ్రమ్ము పక్కన బల్ల మీద ఉన్నాయి. మండలానికి ఒకటి తీసుకోండి. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో గీత గీశాను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి, విశ్వవిద్యాలయం పౌర సమాచార అధికారి పేరున స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. వచ్చినా రాకపోయినా ఆ కాగితాలు పట్టుకుని వచ్చే నెల జిల్లా కమిటీకి రండి, నేనూ వస్తాను.